‘మావాడేం చెయ్యడండీ’

మా ఆవిడ ఎడమ మోకాలికి ఆపరేషన్ చేసి ఇంటికి పంపిస్తూ రాజమహేంద్రవరం డాక్టరు ఒక్క మాట చెప్పాడు. మోకాలు మార్చడం వరకే తన పని, దాన్ని వంగేలా చేసుకోవడం ఆవిడ పని. మొదటి మూడు నెలల్లో ఎంత వంగితే అంత. మూడో నెల చివర చూపించుకోవడానికి వచ్చినప్పుడు తగినంత వంగకపోతే మళ్ళీ మత్తిచ్చి, కాలు పట్టుకుని వంచాలి. ఆ అవసరం రాకుండా ఉండాలంటే వ్యాయామాలతోపాటు రోజూ నడవాలి. ఇంట్లో నాలుగు గోడల మధ్య కాదు. బయట, తిన్నగా, ఆగకుండా.

తిరుగు ప్రయాణంలో గోదావరి వంతెన దాటాక ఆవిడ, ‘నేను నడుస్తాను. రెండోసారి ఆ బల్ల ఎక్కను’ అంది.

మేముండేది డెల్టాలో ఒక చిన్న పట్టణం. మా కాలనీ వెనక పంట కాలువ, దాని గట్టు మీద తారురోడ్డు. పొద్దున్న ఏడు దాటేవరకు ట్రాక్టర్లు తిరగవు కాబట్టి కాలనీలో నడిచేవాళ్ళంతా అక్కడే నడుస్తారు. మా వీధి చివర గట్టెక్కే చోటు నుంచి కాలువ నీళ్ళు ఆపే లాకుల దాకా ఇరవై కరెంటు స్తంభాలు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పిన మనిషి కావడం వల్ల ఆవిడ తన నడకని ఆ స్తంభాలతో కొలుచుకుంది. మొదటివారం రెండు, రెండోవారం నాలుగు. నెల తిరిగేసరికి ఏడో స్తంభం దగ్గరున్న తూము దాకా వెళ్ళింది. అక్కడ పిట్టగోడ మీద ఒక్క నిమిషం కూర్చుని, చేతికర్ర పట్టుకుని లేచి, తిరిగి వచ్చేది. నన్ను చెయ్యి పట్టుకోనిచ్చేది కాదు. రెండడుగుల వెనక నడవమనేది. పక్కన నడిస్తే నేను మాట్లాడతాననీ, మాట్లాడితే లెక్క తప్పుతుందనీ ఆవిడ ఫిర్యాదు.

గట్టు మీద అప్పట్లో నాలుగు వీధికుక్కలు ఉండేవి. ఉద్యోగం నుంచి దిగిపోయిన దగ్గర్నుంచి రోజూ నడుస్తున్నవాణ్ణి కాబట్టి వాటిని మూడేళ్ళుగా చూస్తున్నాను. వాటికి మనుషులతో ఎలా మసలుకోవాలో తెలుసు. వచ్చే మనిషిని దూరం నుంచే చూసి, చేతిలో కర్ర ఉంటే రోడ్డు దిగి పక్కకి తప్పుకుంటాయి. ఎవరి హద్దు వారిది. తూము నుంచి లాకుల వరకు ఉన్న గట్టు ఒక ముసలి నల్లకుక్కది. లాకుల దగ్గర టీ అమ్మే ఆవిడ దానికి రోజూ రెండు బన్నులు వేసేది. అది మనుషుల్ని పట్టించుకునేది కాదు గానీ బయటి కుక్కని మాత్రం తూము దాటనిచ్చేది కాదు.

పెంపుడు కుక్కల సంగతి వేరు. వాటి వెనక మనిషి ఉంటాడు. ఆ మనిషి ఎంత వెనక ఉంటాడన్నదే చిక్కు. చిన్న తెల్లకుక్కని వదిలేసి ఫోను చూసుకుంటూ నడిచే బ్యాంకు ఉద్యోగి ఒకాయన ఉన్నాడు. కుక్క మన చెప్పులు వాసన చూస్తుంటే పక్కింటావిడతో కబుర్లు ఆపని ఇల్లాలు ఒకావిడ ఉంది. వీళ్ళందరూ అనే మాట ఒకటే. కుక్క మీదికి వస్తున్నప్పుడు దాని వెనక నుంచి వినిపిస్తుంది: ‘మావాడేం చెయ్యడండీ.’ ఆగు అని కుక్కకి చెప్పాల్సింది పోయి, భయపడొద్దని మనకి చెబుతారు.

మా వీధిలో మొదటి ఇంటి పెద్దమనిషి కుక్క వీటన్నిటికంటే పెద్దది. గోధుమరంగు, వెడల్పు ఛాతీ, లాబ్రడార్‌కీ ఇంకేదో జాతికీ పుట్టినది. ఆయన ఇరవై ఏళ్ళు రొయ్యల చెరువులు చేసి, వాటిని లీజుకిచ్చేసి, ఏడాది కిందట మా కాలనీలో ఇల్లు కట్టుకుని వచ్చారు. మంచి మనిషి. కాలనీలో ఎవరింట్లో ఆపద వచ్చినా ముందు వచ్చేది ఆయన కారే. నన్ను ‘గురువుగారూ’ అని పిలుస్తారు. పొద్దున్న ఆరింటికి కుక్కతో గట్టెక్కుతారు. గొలుసు కుక్క మెడకి ఉండదు, ఆయన భుజం మీద కండువాలా ఉంటుంది. కుక్క వచ్చిన చాలాసేపటికి గానీ ఆయన రారు.

ఆరో వారంలో ఒకరోజు మేము తూము దాకా వెళ్ళాం. మా ఆవిడ ఒక నిమిషం కూర్చుని లేచి నిలబడింది. అప్పుడు ఆ కుక్క వస్తూ కనిపించింది. తల వంచి, గట్టు అంచు వెంట, ఎక్కడా పక్కకి చూడకుండా ఉరుకుతోంది. మూడో స్తంభం దగ్గర పెద్దమనిషి ఉన్నారు. ‘మావాడేం చెయ్యడండీ, అలాగే నిలబడండి’ అని కేకవేశారు. మా ఆవిడ అలాగే నిలబడింది. అంతకంటే చెయ్యగలిగింది ఆవిడకి లేదు. కుక్క వచ్చి ముందుకాళ్ళు రెండూ ఎత్తి ఆవిడ నడుం మీద వేసింది. నేను ఆ రెండడుగులూ ముందుకి వచ్చేలోపు ఆవిడ వెనక్కి ఒరిగి, పిట్టగోడకి వీపు తగిలి, గోడ వెంట జారి కింద కూర్చుంది. ఆపరేషన్ అయిన కాలు ముందుకి చాపి ఉండటం అదృష్టం. చేతికర్ర ఎగిరి కాలువలో పడింది.

పెద్దమనిషి ఆయాసపడుతూ వచ్చి కుక్కని మెడపట్టీ దగ్గర పట్టుకున్నారు.

‘ఆడుకుందామని వచ్చాడండి. దెబ్బేం తగల్లేదు కదండీ? మీరు భయపడ్డారు చూశారూ, దాంతో వాడు కంగారుపడ్డాడు. భయపడకపోతే ఏమీ చెయ్యడండి టీచరుగారూ.’

మా ఆవిడ కాలువలో పడిన కర్రని చూస్తోంది. నేనే ‘పర్వాలేదండి’ అన్నాను.

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చారు, చేతిలో ఆత్రేయపురం పూతరేకుల పెట్టెతో. మా వైపు ఒక పద్ధతి ఉంది. తప్పు జరిగిందన్న మాట ఎవరూ నోటితో అనరు. చేసినవాళ్ళు ఏదో ఒకటి చేత పట్టుకుని వస్తారు. అవతలివాళ్ళు కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. తెచ్చింది లోపలికి వెళ్ళిందంటే సంగతి ముగిసినట్టు. మళ్ళీ దాన్ని ఎత్తడం మర్యాద కాదు. ఈ పద్ధతి వల్ల చాలా ఇరుగుపొరుగు స్నేహాలు నిలిచాయి. చెప్పాల్సిన మాటలు చాలా ఆగిపోయాయి కూడా.

ఆయన గంటసేపు కూర్చున్నారు. రొయ్యల ధర పడిపోవడం గురించీ, తన పెద్దక్కగారి మోకాళ్ళ గురించీ, ఈ ఏడు కాలువకి నీళ్ళు ఆలస్యంగా వదలడం గురించీ చెప్పారు. కుక్క ప్రస్తావన రాలేదు. ‘ఒంటికి జాగ్రత్త టీచరుగారూ’ అని లేచారు. నేను గేటు దాకా వెళ్ళి పంపించి వచ్చాను.

‘పెట్టె అందుకున్నది మీరు’ అంది మా ఆవిడ.

‘కాఫీ ఇచ్చింది నువ్వు.’

‘ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకుండా ఉంటామేంటి? పెట్టె అందుకోకపోతే ఆయన టీపాయ్ మీద పెట్టి వెళ్ళేవారు. అది వేరే సంగతి.’

మర్నాడు పొద్దున్న ఆవిడ చెప్పులు వేసుకోలేదు. ఆ మర్నాడూ లేదు. హాల్లో నడవడం మొదలుపెట్టింది. మా హాలు పద్నాలుగు అడుగుల పొడవు. అటు గోడ, ఇటు సోఫా. తిరిగే ప్రతిచోటా ఆగి, బరువంతా మంచికాలి మీద వేసి తిరగాలి. నాకు ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించేది. ఎనిమిది అంగలు, ఒక ఆగడం, ఎనిమిది అంగలు, ఒక ఆగడం.

వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. మోకాలు వంచి, ప్లాస్టిక్ కొలబద్ద ఆనించి, ఎన్ని డిగ్రీలు వచ్చిందో పుస్తకంలో రాసేది. ఎనిమిదో వారంలో ఆ కొలబద్దని రెండుసార్లు ఆనించి చూసింది.

‘ఆంటీ, నడక మానేశారా?’

‘నడుస్తున్నానమ్మా.’

‘ఎక్కడండి?’

‘హాల్లో.’

‘హాల్లో నడిస్తే అది నడకవ్వదు ఆంటీ, తిరగడం అవుద్ది. పదిహేను రోజుల నుంచీ ఎనభై ఐదు దగ్గరే ఉండిపోయిందండి. నెల రోజులే ఉంది. ఇలాగే వెళ్తే సార్ మత్తిచ్చేస్తారు.’

ఆ అమ్మాయి వెళ్ళాక మా ఆవిడ ఆ పుస్తకం తీసి చాలాసేపు చూసింది. లెక్క సరిపోని విద్యార్థి పేపరు చూసినట్టు చూసింది. నేను పెద్దమనిషితో మాట్లాడతానన్నాను.

మాట్లాడాను కూడా. మర్నాడు గట్టు మీద, కుక్క ముందు వెళ్ళిపోయాక, ఆయన దగ్గరికి వెళ్ళి, ఎండలు ముదిరాయని మొదలుపెట్టి, ఈమధ్య నడిచేవాళ్ళు ఎక్కువయ్యారని చెప్పి, గొలుసు గురించి ఎత్తాను.

‘గొలుసు ఉందిగా గురువుగారూ’ అని ఆయన తన భుజం తట్టి చూపించారు.

‘అంటే, కట్టి తీసుకొస్తే ముసలివాళ్ళకి…’

‘కట్టేస్తే వాడు చిన్నబుచ్చుకుంటాడండి. తిండి మానేస్తాడు. మనుషులంటే ప్రాణం వాడికి.’

ఆ తర్వాత మేమిద్దరం మళ్ళీ ఎండల గురించి మాట్లాడుకున్నాం.

నోటితో చెప్పలేకపోయినవాణ్ణి, వారం రోజులు తటపటాయించి, నాకు తెలిసిన రెండో పని చేశాను. నేను ముప్పై రెండేళ్ళు దినపత్రికలో, ఎక్కువ భాగం జిల్లా పేజీల డెస్కులో పనిచేశాను. ఇప్పుడు ఆ పేజీలు చూస్తున్నతను ఒకప్పుడు నా పక్క కుర్చీలో పని నేర్చుకున్నవాడే. కాలువ గట్టు మీద గొలుసు లేకుండా వదిలిన పెంపుడు కుక్కల వల్ల ఉదయం నడిచేవారు ఇబ్బంది పడుతున్నారని, యజమానులు బాధ్యత వహించాలని స్థానికులు కోరుతున్నారని ఎనిమిది వాక్యాలు రాసి పంపాను. స్థానికులంటే నేనూ, మా ఆవిడా. పత్రికల్లో స్థానికులు చాలాసార్లు అంతమందే ఉంటారు. పెద్దమనిషి పేరు గానీ, వీధి గానీ రాయలేదు. పూతరేకులు తిన్నాం.

రెండోరోజు వార్త వచ్చింది. ‘వీధికుక్కల స్వైరవిహారం’ అని శీర్షిక. కింద ఎక్కడివో ఆరు కుక్కల పాత ఫొటో. కాలువ గట్టుపై వీధికుక్కలు ఒక వృద్ధురాలిపై దాడి చేశాయని, అధికారులు స్పందించాలని రాసి ఉంది.

మా ఆవిడ చదివి కళ్ళజోడు తీసింది. ‘ఈ వృద్ధురాలు ఎవరు?’

నేను ఫోన్ చేశాను.

‘సార్, మీ వార్తే కదండీ. బాగా వచ్చింది’ అన్నాడతను.

‘నేను పెంపుడు కుక్కలని రాశాను.’

‘పెంపుడు కుక్కంటే ఎవరిదని అడుగుతారు కదండీ. పేరు మీరు ఇవ్వలేదు. ఇస్తే ఆయన ఫోన్ చేస్తాడు, వివరణ వెయ్యాలి. వీధికుక్క అయితే ఎవరూ అడగరండి. మీరే చెప్పేవారు కదా సార్, అడిగేవాడు లేకుండా రాయమని.’

‘దాడి అని ఎవరు చెప్పారు?’

‘దాడి లేకపోతే అది వార్తేంటండి?’

ఆ రెండు మాటలూ నావే. ఆ శీర్షిక కూడా నేను కొన్ని పదులసార్లు పెట్టినదే. వేసవి మొదలైందంటే జిల్లా పేజీలో ఏదో ఒక మూల అది పడేది. ఏ ఊళ్ళో ఏ కుక్క, ఎవరి కుక్క అని నేను ఎప్పుడూ అడగలేదు. ఆ ఊరి నుంచి వార్తలు రాసే కాంట్రిబ్యూటరు పంపిన నాలుగు ముక్కల మీద శీర్షిక వేసి తర్వాతి వార్తకి వెళ్ళిపోయేవాణ్ణి.

నాలుగో రోజు పొద్దున్న మునిసిపాలిటీ బండి వచ్చింది. వలలు పట్టుకున్న ముగ్గురు మనుషులు దిగారు. అరగంటలో నాలుగు కుక్కల్నీ ఎక్కించారు. మరీ మొరటుగా ఏం చెయ్యలేదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ సూది వేసి, పట్టిన చోటే వదిలేస్తామని అడిగినవాళ్ళకి చెప్పారు. నల్లకుక్క పరుగెత్తలేదు. బన్ను వేసే మనిషి వచ్చిందనుకున్నట్టు లేచి నిలబడింది.

ఆ మర్నాడు పెద్దమనిషి నన్ను చూసి ఆగారు.

‘పేపర్లో చూశానండి. రాయించింది మీరేనటగా. మంచి పని చేశారు గురువుగారూ. ఈ వీధికుక్కలతో మావాడు మహా ఇబ్బంది పడేవాడు. ఆ నల్లది తూము దాటనిచ్చేది కాదండి.’

నేను ఏమన్నానో గుర్తులేదు. థాంక్స్ అని ఉండొచ్చు. అప్పటికే ఆయన కుక్క తూము దాటి, లాకుల వైపు, కనిపించినంత దూరమూ ఉరుకుతోంది. అంతవరకు తూము ఇవతల మాత్రమే ఉన్న ఇబ్బంది ఇప్పుడు గట్టు మొత్తానికీ వచ్చింది.

లాకుల దగ్గర టీ కొట్టుకి వెళ్ళాను. అక్కడి ఆవిడ భర్త గోదావరి మీద చేపలు పడతాడు. ఆవిడ పొద్దున్న టీ, సాయంత్రం చేపలు అమ్ముతుంది. ఎప్పుడూ గ్లాసు చేతికిచ్చే మనిషి ఆరోజు బల్ల మీద పెట్టింది.

‘ఏంటండి బాబూ, మా నల్లదాని మీద పేపర్లో రాసేరంట?’

‘దాని మీద కాదు. నేను రాసింది వేరు.’

‘వేరయితే దాన్నెందుకు ఎత్తుకెళ్ళేరండి? నాకు చదువు రాకపోతే మా ఆయనకొచ్చండి. మొత్తం చదివి చెప్పేడు. పెద్దావిడ మీద పడిపోయిందంట. ఎప్పుడు పడిందండి?’

‘పెంపుడు కుక్కల గురించి రాస్తే వాళ్ళు మార్చేశారు.’

‘ఆయ్. అంటే ఆ దున్నపోతంత దాని పేరు రాయడానికి చెయ్యి రాలేదు మీకు. నోరులేని ముండని మాత్రం పట్టించేసేరు.’ పక్కన టీ తాగుతున్న ట్రాక్టరు డ్రైవరు నవ్వాడు. ఆవిడ అతని వైపు తిరిగింది. ‘నువ్వు నవ్వమాక. రేపు నీ మీదా రాసేత్తారు.’

ఇంటికి వచ్చి జరిగింది జరిగినట్టు మా ఆవిడకి చెప్పాను.

‘ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?’ అంది. హాల్లో సోఫా దగ్గర తిరగబోతూ ఆగి ఉంది. ‘ఇంకా పదిహేను రోజులుంది నాకు. ఆయనతో మీరు మాట్లాడతారా, నన్ను మాట్లాడమంటారా? నేనైతే టీచరులాగే మాట్లాడతాను మరి.’

మర్నాడు ఐదున్నరకి పెద్దమనిషి ఇంటి గేటు దగ్గరికి వెళ్ళాను. కుక్క పెరట్లో మొరుగుతోంది. ఆయన బయటికి వచ్చి, ‘రండి గురువుగారూ, లోపలికి రండి, కాఫీ…’ అన్నారు. నేను గేటు బయటే నిలబడ్డాను. లోపలికి వెళ్తే కాఫీ తాగాల్సి వస్తుంది.

‘మీ కుక్క వల్ల మా ఆవిడ పడింది. ఆరోజు నుంచీ ఇల్లు కదల్లేదు. ఈ పదిహేను రోజులూ నడవకపోతే మళ్ళీ ఆసుపత్రికి తీసుకెళ్ళి మత్తివ్వాలి. పేపర్లో నేను రాసింది మీ కుక్క గురించే, వీధికుక్కల గురించి కాదు.’

నాలుగు వాక్యాల్లో ఒక్కచోట కూడా ‘అండి’ లేదని అన్నాక తెలిసింది. ఆయనకి ముందే తెలిసినట్టుంది. మొహం మారిపోయింది.

‘ఇంత మాట మనసులో పెట్టుకుని ఆరోజు నాకు కాఫీ ఇచ్చారా గురువుగారూ?’

‘ఇచ్చాం.’

‘అప్పుడే చెప్పొచ్చుగా.’

‘చెప్పాల్సింది.’

లోపలి నుంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది. ‘ఆ భుజం సంగతి చెప్పండి ఆయనకి.’

‘నువ్వు లోపలికెళ్ళు.’

ఆవిడ లోపలికి వెళ్ళకుండా గేటు దగ్గరికి వచ్చింది. ‘కట్టి తీసుకెళ్తే అది ఈయన్ని లాగేస్తుందండి అన్నయ్యగారూ. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఓసారి రోడ్డు మీద బోర్లా పడ్డారు. అప్పట్నుంచీ కుడిచెయ్యి పైకి లేవదు. మళ్ళీ పడితే నలుగురూ చూస్తారని కట్టడం మానేశారు. అది ముందు వెళ్తుంది, ఈయన వెనక వెళ్తారు. ఏమన్నా అంటే చిన్నబుచ్చుకుంటాడంటారు. చిన్నబుచ్చుకునేది కుక్క కాదండి.’

ఆయన ఎడమచేత్తో గేటు గడియ తీసి బయటికి వచ్చారు. మిగతాది తనే చెప్పారు. ఆ కుక్క పిల్లగా ఉన్నప్పుడే చెరువుల దగ్గరికి చేరింది. రొయ్యపిల్లల్ని నీటికాకులూ కొంగలూ ఎత్తుకుపోకుండా తోలడం దాని పని. తెల్లారగానే గట్టెక్కించేవారు. కనిపించిన ప్రతిదాని మీదికీ ఉరకాలి. ఎంత గట్టిగా ఉరికితే అంత మెచ్చుకునేవారు. ఆరేళ్ళు అలా గడిచాయి.

‘ఇక్కడా గట్టే కదండీ. అది డ్యూటీ చేస్తున్నాననుకుంటుంది’ అన్నారు.

ఏడాదిగా నేను ఆ కుక్కని చూస్తున్నాను. అది గట్టు అంచు వెంటే ఎందుకు ఉరుకుతుందో, ఎదురొచ్చిన మనిషిని దాటాక వెంటనే ఎందుకు ఆగిపోతుందో నాకు ఎప్పుడూ తట్టలేదు. అదీ నేను అడగని ప్రశ్నే.

‘మీరు ఏ టైముకి నడుస్తారో చెప్పండి. ఆ టైముకి మేం రాము’ అన్నారాయన చివరికి. నాకు అది సబబుగానే అనిపించింది. ఇంటికి వచ్చి మా ఆవిడకి చెప్పాను.

‘ఆయన వచ్చేది ఎన్నింటికి?’

‘ఆరింటికి.’

‘అయితే మనమూ ఆరింటికే వెళ్దాం. కుక్క లోపలికి వెళ్ళిందో లేదో చూసుకుని నేను బయటికి రావాలంటే ఇక ఈ మోకాలు ఎందుకు? ఫోన్ చేసి చెప్పండి.’

చేశాను. అటువైపు ఆయన వాళ్ళావిడతో ఏదో అనడం వినిపించింది. తర్వాత ‘రమ్మనండి’ అన్నారు.

మర్నాడు ఆరింటికి గట్టెక్కాం. నెల రోజుల తర్వాత రావడం వల్ల ఆవిడ మొదటి స్తంభం దగ్గరే ఒకసారి ఆగి ఊపిరి పీల్చుకుంది. కొత్త చేతికర్ర. నేను రెండడుగుల వెనక. నాలుగో స్తంభం దాటేసరికి ఎదురుగా ఆ భార్యాభర్తలిద్దరూ కుక్కతో కనిపించారు. గొలుసు కుక్క మెడకి ఉంది. దాని పక్కన చెరువుల దగ్గర వాడే నైలాను తాడు ఇంకొకటి. తాడు వాళ్ళావిడ చేతిలో, గొలుసు ఆయన చేతుల్లో. మమ్మల్ని చూడగానే కుక్క తల వంచింది. ఆయన వెంటనే గొలుసుని ఐదో స్తంభానికి ఒక చుట్టు తిప్పి, ఎడమకాలు స్తంభానికి తన్నిపెట్టి పట్టుకున్నారు. కుక్క ముందుకాళ్ళు గాల్లోకి లేచాయి. ఆ మొరుగుడికి అవతలి గట్టు మీద కొంగలు లేచిపోయాయి.

మా ఆవిడ ఆగలేదు. కర్ర ముందుకి వేస్తూనే ఉంది. కుక్కకీ ఆవిడకీ మధ్య నాలుగు గజాలు, మూడు, రెండు. ఎదురుగా వచ్చాక మామూలుగా అందరినీ పలకరించినట్టు ‘నమస్కారమండి’ అంది.

పెద్దమనిషి చేతులు వాటంతటవే ఒక దగ్గరికి వచ్చాయి. నమస్కారం చెబితే చేతులు జోడించడం అరవై ఏళ్ళ అలవాటు. స్తంభం చుట్టూ గొలుసు ఒక జానెడు సడలింది.

‘దండం పెట్టకండి! గొలుసు!’ అని వాళ్ళావిడ అరిచింది.

ఆయన మళ్ళీ బిగించి పట్టుకుని, చేతులు కదపకుండా, తలతో నమస్కారం చేశారు. ‘తిరిగొచ్చేదాకా ఇక్కడే ఉంటామండి టీచరుగారూ. మీరు వెళ్ళండి’ అన్నారు. మా ఆవిడ వెళ్ళింది.

ఆ పదిహేను రోజులూ ఆరింటికే నడిచాం. ఐదారు రోజులు ఆయన స్తంభం ఆసరా తీసుకున్నారు, తర్వాత అవసరం లేకపోయింది. కుక్కకి అలవాటయిందని చెప్పలేను. దానికి చూపు తిప్పుకోవడం మాత్రం వచ్చింది. బ్యాంకు ఉద్యోగి తెల్లకుక్క ఇప్పటికీ విడిగానే తిరుగుతోంది. వీధికుక్కలు నాలుగూ పదో రోజున, ఆపరేషన్ అయిన గుర్తుగా చెవుల చివర పెట్టిన చిన్న కోతలతో తిరిగి వచ్చాయి. నల్లకుక్క మళ్ళీ తూము అవతలి గట్టు తీసుకుంది. టీ కొట్టావిడ మా ఆవిడకి గ్లాసు చేతికిస్తుంది. నాకు బల్ల మీదే పెడుతుంది.

మూడో నెల చివర రాజమహేంద్రవరం వెళ్ళాం. డాక్టరు మోకాలు తనే వంచి, ఇంకా వంగుతుందేమోనని నొక్కి చూసి, కొలిచాడు. నూట ఐదు. మత్తు అక్కర్లేదన్నాడు. ఇంకో ఐదు డిగ్రీలు వచ్చి ఉంటే మెట్లు దిగడం ఇంకొంచెం తేలికయ్యేదని, ఇప్పుడిక వాటిమీద ఆశ పెట్టుకోవద్దని కూడా అన్నాడు.

‘తెలుసండి’ అంది మా ఆవిడ చీర సర్దుకుంటూ. ‘అవి మా హాల్లో పోయాయి.’